తొమ్మిది నిమిషాల నడక

జగ్గయ్యపేట,
సెప్టెంబరు 14, ఆదివారం

గీతకి,

ఈ ఉత్తరం గురువారం వార్డెనమ్మ చేతికే ఇచ్చి పంపుతున్నాను. పోస్టు కన్నా ఆమే నయం. స్టాంపు అక్కర్లేదు, ఎలాగూ నీ దగ్గరికి రావడానికి రెండు రోజుల ముందు నుంచే చీర ఇస్త్రీ చేసుకుని కూర్చుంటుంది. హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నాలు మన చేత ఇళ్ళకి ఉత్తరాలు రాయించి, చదివి, తప్పులు దిద్ది డబ్బాలో వేసేది కదా. ముప్పై ఏళ్ళయినా మనిద్దరికీ ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు ఆమె దిద్దడం మానేసి మోయడం మొదలుపెట్టింది. చదవకుండా కవరు అంటించాను.

నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. స్కూల్లో పాఠాలు మానేసి వీధులు కొలుస్తున్నాను. నవ్వకు. విజయవాడ నుంచి ఒక సర్వే వాళ్ళు వచ్చారు. ఏ వీధి నుంచి బస్టాపుకి నడవడానికి ఎంతసేపు పడుతుందో రాసుకోవాలి. పొడుగు కర్రకి చక్రం బిగించి ఇచ్చారు, తోసుకుంటూ పోతే మీటర్లు అదే చెబుతుంది. టైము మాత్రం మనిషిని నడిపించి చూడాలి. ఆ వీధిలో బస్సెక్కే వాళ్ళలో అందరికన్నా పెద్ద వయసు మనిషి ఎవరో కనుక్కుని, ఆ మనిషి పక్కన నడిచి, ఆ నిమిషాలే ఫారంలో వేయాలి. పదిహేను నిమిషాలు దాటితే దగ్గర్లో కొత్త స్టాపు పెడతారు. మా సూపర్‌వైజర్ దేవరాజ్ గారు మొదటిరోజే చెప్పారు, "మీ కాళ్ళు ఇంట్లో పెట్టి రండమ్మా, ముసలోళ్ళ కాళ్ళతో నడవాల" అని. ఆడవాళ్ళకి బస్సు టికెట్టు లేకుండా చేశారు బాగానే ఉంది, ఆ బస్సు దాకా పోవడమే కష్టంగా ఉంది చాలామందికి. చక్రం తోసుకుంటూ పోతుంటే ముక్త్యాల సిమెంటు లారీల వాళ్ళు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూస్తున్నారు. మా పక్కింటి ఏలీయా ఆ సిమెంటు ఫ్యాక్టరీలోనే పనిచేస్తాడు కదా, అక్కడ అందరికీ తెలిసిపోయింది.

అసలు సంగతి ఇది కాదు. వార్డెనమ్మ ఆగస్టు నుంచి ఒక్క గురువారం కూడా తప్పలేదు. మా ఇంటికి రెండు తలుపుల అవతల ఉంటుంది. పొద్దున్నే పాల ప్యాకెట్ నేనే ఇస్తాను, చర్చికి నా చెయ్యి పట్టుకునే వస్తుంది, కళ్ళలో చుక్కల మందు నేనే వేస్తాను. నా దగ్గర ఉన్నంతసేపూ నీ కబుర్లే. మీ వరండా ఎంత పొడుగో, మీ కాఫీ ఎంత చిక్కగా ఉంటుందో, గీత ఎంత ఓపికమంతురాలో. ఓపిక ఎందుకు కావాల్సి వచ్చిందే నీకు, కాఫీ కలపడానికా? మీరిద్దరూ అంతసేపు ఏం చేస్తారమ్మా అని అడిగితే "ఏదో, మాట్లాడుకుంటాం" అని మాట మారుస్తుంది.

దాచుకోవడం నాకు చేతకాదు. నాకు ఓర్వలేకుండా ఉంది.

రోజారమణి

నందిగామ,
సెప్టెంబరు 21

రోజాకి,

నీ కుళ్ళు నాకు కొత్తా? ఆరో తరగతిలో మన వార్డెనమ్మ నాకు జడ వేసిందని నువ్వు మధ్యాహ్నం అన్నం మానేశావు. ఆ జడ ఎందుకు వేసిందో తెలుసా, నా తలనిండా పేలు ఉన్నాయని. ఇప్పుడూ అలాంటిదే అనుకో.

చక్రం సంగతి విని కల్యాణ్ తెగ నవ్వాడు. ఎరువుల కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాడు, మా ఆవిడ స్నేహితురాలు జగ్గయ్యపేటని చుట్టచుట్టి తీసుకుపోతోందని. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పని నీకే ఇవ్వడం న్యాయం. స్పోర్ట్స్ రోజున నీ వెనక దుమ్ము తిన్నవాళ్ళలో నేను మొదటిదాన్ని. నీ కాళ్ళు చూస్తే అప్పుడూ కడుపు మండేది, ఇప్పుడూ మండుతుంది. నువ్వొక్కదానివే కుళ్ళుకుంటున్నావనుకోకు.

నిన్ను ఒకటి అడగాలి. మీ బట్టీల కాలనీ వంతు వచ్చినప్పుడు అమ్మ నడక సరిగ్గా రాయి. బస్సు మీ కాలనీ మొగలోంచే, లోపలికి తిరిగే చోటు నుంచే పోతుందట, ఆపమంటే ఆపడట, మిల్లు స్టాపు దాకా పోయి ఎక్కాలట. మా ఇంటికి వచ్చేసరికి ఆమె మొహం ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. కుర్చీలో కూలబడి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగితేగానీ చెప్పులు విప్పదు. మీ మొగలోనే స్టాపు పడితే వారానికి రెండుసార్లు వస్తానంటోంది. ఆ మాటకి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆ గురువారాలు లేకపోతే నేనేమైపోయేదాన్నో.

అన్నట్టు నువ్వు దసరా సెలవుల్లో వస్తానన్నావట. ఇప్పుడొద్దు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం, సామాన్లన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి. తర్వాత నేనే పిలుస్తాను.

గీతాంజలి

జగ్గయ్యపేట,
అక్టోబరు 5

గీతాంజలికి,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. అమ్మ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు.

సున్నాలు వేస్తున్న ఇంట్లోకి అమ్మ రావచ్చు, నేను రాకూడదు. సరే. పెద్దిళ్ళ సంగతులు మాకేం తెలుస్తాయి.

మా కాలనీ కొలత అయిపోయింది. ఫారం వెళ్ళిపోయింది. లెక్క ఎంత వస్తే అంత, మనం చేసేదేముంది. అమ్మ ఆ రోజు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, "నేనొస్తానే రోజా, నన్ను నడిపించు" అని. "ఎండగా ఉందమ్మా, నువ్వెందుకు, నేను నడిచి రాసుకుంటాలే" అన్నాను. పాపం సరేనని చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళింది. ఇందులో నువ్వు అడగాల్సినదేమీ లేదు. నలభై రెండు వీధులు కొలిచాను, నా ఫారాల్లో ఒక్క కొట్టివేత కూడా లేదని దేవరాజ్ గారు అందరి ముందూ అన్నారు.

వారం రోజులుగా అమ్మ ఒక దిండు కుడుతోంది. పాత చీర ముక్కలు అతికి, లోపల కొత్త దూది పెట్టి, మధ్యలో గుంటలా వచ్చేట్టు. సూదిలో దారం నా చేతే ఎక్కించింది. ఎవరికమ్మా అని అడిగాను. "గీతకే, కుర్చీలో వేసుకోడానికి" అంది. మీ ఇంట్లో సోఫాలు ఉన్నాయని విన్నాను. వాటి మీద కూర్చోవడానికి నీకు దిండు కూడా కావాలా? నేను పదిహేనేళ్ళు బల్లల మధ్య నిలబడి పాఠాలు చెప్పాను, నాకు ఒక్క గుడ్డముక్క కుట్టిపెట్టలేదు.

ఉంటాను.

రోజారమణి

నందిగామ,
అక్టోబరు 26

రోజా,

మీ ఊళ్ళో లిస్టు అంటించారట. అమ్మ చూసి వచ్చి చెప్పింది. బట్టీల కాలనీ నుంచి మిల్లు స్టాపుకి తొమ్మిది నిమిషాలు, కొత్త స్టాపు అవసరం లేదు.

తొమ్మిది నిమిషాలు ఎవరు నడిచారు?

నేను కోపంగానే అడుగుతున్నాను, కానీ అమ్మకి కోపం లేదు. అదే నన్ను తినేస్తోంది. ఏమందో తెలుసా? "మన రోజా కొలిచిందే. అది తప్పు రాయదు. నేనే మరీ కాళ్ళీడ్చుకుంటా నడుస్తున్నానేమో, ఇంక కాస్త గబగబా నడవాల." ఆమె తన కాళ్ళని నమ్మడం మానేసి నీ అంకెని నమ్మింది. పోయిన గురువారం తొమ్మిది నిమిషాలు చాలుగదా అని ఎప్పటికన్నా పావుగంట ఆలస్యంగా ఇంట్లోంచి బయల్దేరిందట. బస్సు కళ్ళ ముందే వెళ్ళిపోయింది. తర్వాతి బస్సుకి గంటన్నర రోడ్డు పక్కన నిలబడింది. డెబ్భై ఏళ్ళ మనిషి.

ఆమెకి ఫోనులో మాటలు వినపడవు, లేకపోతే అప్పుడే ఫోన్ చేసి రావొద్దనేదాన్ని. వచ్చాక ఆమె పాదాలు చూశాను. చెప్పు పట్టీ దిగి ఎర్రగా గాడి పడింది.

పొరపాటు అయితే పొరపాటని రాయి. సరిచేయించు. ఏదో జరిగే ఉంటుంది, నువ్వు అలాంటి పని చేసేదానివి కాదు.

గీత

జగ్గయ్యపేట,
నవంబరు 9

గీతాంజలికి,

అలాంటి పని చేసేదాన్నే.

పొరపాటు కాదు. నేనే నడిచాను, ఒంటరిగా. రోడ్డు మీంచి కూడా కాదు, పత్తి జిన్నింగు మిల్లు కాంపౌండులోంచి అడ్డంగా. సర్వే కార్డు చూపిస్తే వాచ్‌మన్ గేటు తీశాడు. అమ్మకైతే తీయడు. ఆమె మురిక్కాలవ పలకల మీద దాటి, ఎత్తు ఎక్కి, లారీలకి ఒదిగి ఒదిగి పోవాలి. అదంతా నాకు తెలుసు. పెద్ద వయసు మనిషి అన్న గడిలో ఆమె పేరే రాశాను, వయసు డెబ్భై అని కూడా రాశాను, నిమిషాలు నావి వేశాను. నువ్వు 'వారానికి రెండుసార్లు' అని రాసిన ఉత్తరం అప్పుడు నా సంచిలోనే ఉంది.

నీకేం తక్కువే? రెండంతస్తుల ఇల్లు, కొట్టు, కారు, చందర్లపాడులో పొలం, మీ అత్తగారు సుస్మితమ్మ చేతి కింద ఇద్దరు పనివాళ్ళు. నాకు ఇన్నేళ్ళలో నాది అని చెప్పుకోవడానికి మిగిలింది ఆమె ఒక్కతే. మా అమ్మ పోయినరోజు నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషి. నువ్వు సెలవులకి ఇంటికి పోయేదానివి, నేను పోవడానికి ఇల్లు లేక ఆమె గదిలోనే చాప వేసుకునేదాన్ని. ఆ సెలవులన్నీ నావి. ఇప్పుడు గురువారాలు నీవి అయ్యాయి. ఆరు రోజులు చాకిరీ నాకు, ఏడో రోజు ఇస్త్రీ చీర నీకు.

నిజంగా ఆమె మీద అంత ప్రేమ ఉంటే కారు వేసుకుని నువ్వే రావొచ్చు కదా. ఆగస్టు నుంచి ఒక్కసారైనా వచ్చావా? ఆమెని రప్పించుకోవడమేనా? నిన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగరు, ఎందుకంటే నువ్వు గీతవి.

మొన్న గురువారం అమ్మ సగం దారిలో కూర్చుండిపోయింది. ఎవరో చెబితే పరిగెత్తి వెళ్ళి తీసుకొచ్చాను. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చోబెట్టాను. "గీత ఎదురు చూస్తుంటది" అంటూనే ఉంది. నా చేతుల్లో ఆమె పాదాలు ఉన్నాయి, నోట్లో నీ పేరు ఉంది.

నేను ఏదీ సరిచేయను. ఆమె ఇక్కడే ఉంటుంది.

రోజారమణి

నందిగామ,
నవంబరు 16

రోజా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను.

జూన్‌లో మా మేడమెట్ల మీంచి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఆగస్టులో డాక్టరు ఇక నడవమన్నాడు. నేను నడవలేదు. నొప్పి వల్ల కాదు, భయం వల్ల. కాలు నేల మీద పెడితే మళ్ళీ ఆ మెట్లు కనిపించేవి. కల్యాణ్ బతిమాలాడు, అత్తయ్య తిట్టింది, ఫిజియో అమ్మాయి మూడుసార్లు వచ్చి విసుగుపుట్టి మానేసింది. అత్తయ్య ఎవరి ద్వారానో కబురు పంపితే అమ్మ వచ్చింది. వచ్చిన రోజు హాస్టల్లో మాదిరే గుమ్మంలో నిలబడి, "లే" అంది. లేచాను.

మేము గురువారాలు చేసేది అదే. నా నడుము పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తుంది. పద్నాలుగు అడుగులు. అక్కడ ఊపిరి పీల్చుకుని మళ్ళీ పద్నాలుగు. సున్నాలు అబద్ధం. దిండు ఎందుకో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే. ఎవరికైనా చెప్పగలను గానీ నీకు చెప్పలేను. పదేళ్ళ వయసు నుంచి నీ కాళ్ళని చూసి ఏడ్చినదాన్ని, వాకర్ పట్టుకుని నీకు ఎదురు రావడం నావల్ల కాదనుకున్నాను. నువ్వు జాలిపడితే చచ్చిపోవాలనిపిస్తుంది.

కారు పంపుతామంటే టికెట్టు లేని బస్సుండగా ఎందుకని అమ్మ ఇన్నాళ్ళూ వద్దనేది. నువ్వు శుక్రవారం సర్వేకి పోయిన వేళ మా కారు వచ్చింది. సాయంత్రం తలుపుకి తాళం చూసి ఉంటావు. అమ్మ సంచీ సర్దుకుని నా దగ్గరికి వచ్చేసింది, నా కాలు బాగయ్యే దాకా ఉంటుంది. ఆమే అనుకుని వచ్చిందని రాద్దామనుకున్నాను. కాదు. నేనే అడిగాను. అంత దూరం నడవలేవు, స్టాపు రాదు, రోజా స్వయంగా కొలిచి చెప్పింది కదమ్మా, ఇక్కడే ఉండిపో అన్నాను. నీ తొమ్మిది నిమిషాలు నాకు బాగా పనికొచ్చాయి.

నీ ఉత్తరం ఆమెకి చూపించలేదు. అది నీ మీద దయతో కాదు.

గీత

జగ్గయ్యపేట,
డిసెంబరు 14

గీతా,

నెల రోజులు కలం పట్టుకోలేకపోయాను. ఫోన్ చేసే మొహం కూడా లేదు.

తాళం చూసిన రోజు అమ్మ చర్చి వాళ్ళతో ఎటో వెళ్ళిందనుకుని అన్నం కూడా పెట్టి ఉంచాను. నీ ఉత్తరం వచ్చాక దాన్ని చదివి, పాల ప్యాకెట్ చేత్తో పట్టుకుని ఆ తాళం ముందు చాలాసేపు నిలబడ్డాను. నీ తుంటి విరిగితే నేను దిండు మీద కుళ్ళుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నిజం చెబుతున్నాను, ఆ పద్నాలుగు అడుగులు చదివినప్పుడు జాలి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది మళ్ళీ కుళ్ళే. నా నడుము పట్టుకుని ఆమె ఎప్పుడూ నడిపించలేదు. నేను పరిగెత్తేదాన్ని కదా, అవసరం పడలేదు.

లిస్టు మీద అభ్యంతరాలకి నవంబరు నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. దేవరాజ్ గారి దగ్గరికి వెళ్ళి నా ఫారం మీద నేనే అభ్యంతరం రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "పొరపాటు పడ్డానని రాయమ్మా, సరిపోద్ది" అన్నారు. "పొరపాటు కాదండి, కావాలనే తక్కువ వేశా" అన్నాను. ఆయన నా ఫారాల కట్ట ముందుకు లాక్కున్నారు. "ఒకటి కావాలని తప్పు రాసినావిడ మిగతా నలభై ఒకటి ఒప్పే రాసిందని నేను పైవాళ్ళకి ఎట్టా చెప్పేది" అన్నారు. చక్రం తీసుకున్నారు. నా వీధులన్నీ ఫ్లోరెన్స్ అనే అమ్మాయి మళ్ళీ కొలిచింది. అవి సరిగ్గానే వచ్చాయి. మళ్ళీ పనిలోకి రమ్మని మాత్రం ఎవరూ అనలేదు.

మా కాలనీకి వచ్చినప్పుడు అమ్మ లేదు కదా, ఎవరితో నడవాలని ఆ పిల్ల అడిగింది. అప్పుడు మా ఎదురింటి జయమణి వాళ్ళ అత్తగారు బయటికి వచ్చింది. "నేను ఎక్కేదాన్నే, స్టాపు దాకా పోలేక మూడేళ్ళ నుంచి ఎక్కట్లేదు" అంది. ఆవిడ కూతురు కంచికచర్లలో ఉంది, చూసి మూడేళ్ళయింది. నేను కొలతకి వెళ్ళినప్పుడు ఆవిడ అరుగు మీదే కూర్చుని ఉంది, నన్ను చూసి నవ్వింది కూడా. బస్సెక్కే మనిషి కాదులే అనుకుని నేను అడగనే లేదు. ఫ్లోరెన్స్ ఆవిడ పక్కన నడిచింది. ఇరవై మూడు నిమిషాలు.

ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు. నవంబరులో రాసింది కూడా వినిపించు. నేను ఏం చేశానో నా మాటల్లోనే ఆమెకి తెలియాలి. తిడితే ఏమని తిట్టిందో రాయి.

నీ కాలు ఎలా ఉంది?

రోజా

జగ్గయ్యపేట,
జనవరి 4

గీతా,

జవాబు రాయలేదు. అమ్మకి అంత కోపం వచ్చిందన్నమాట. మూడు ఆదివారాలు వీధిలో కనబడ్డ మా పోస్టుమన్ వెంకట్‌ని ఏదైనా వచ్చిందా అని అడిగాను. ఆదివారం పోస్టు ఉండదక్కా అని అతనే నాకు గుర్తుచేశాడు.

ఒక్క సంగతి కోసం రాస్తున్నాను. మా కాలనీ మొగలో స్టాపు పెట్టారు. ఇనుప స్తంభం, నీలం బోర్డు, అంతే, షెడ్డు తర్వాత వేస్తారట. కొత్త సంవత్సరం నుంచి బస్సులు ఆగుతున్నాయి. మొదటిరోజు జయమణి అత్తగారు ఎక్కింది. మెట్టు ఎత్తుగా ఉంటే కండక్టరు చెయ్యిచ్చాడు. కిటికీ పక్కన కూర్చుని మా వైపు చూడనే లేదు, ముందుకే చూస్తోంది. కాలనీ ఆడవాళ్ళం అందరం నిలబడి చూశాం.

అమ్మ గుమ్మం నుంచి బోర్డు దాకా, మెల్లగా నడిచినా, నాలుగు నిమిషాలు. ఈసారి చక్రం లేదు, సర్వే లేదు, ఆమె మాదిరే ఆగి ఆగి నడిచి చూశాను.

ఆమెని పంపమని అడగడం లేదు. ఆ హక్కు నాకు లేదు. నీ కాలు బాగయ్యే దాకా నీ దగ్గరే ఉండాలి. ఆ తర్వాత కూడా ఉంటానంటే ఉండనీ. స్టాపు వచ్చిందని మాత్రం చెప్పు చాలు.

ఆమె కంటి చుక్కలు పొద్దున రెండు, సాయంత్రం రెండు. సాయంత్రంవి మర్చిపోతుంది. నువ్వు వేస్తున్నావో లేదో అని రాశాను.

రోజా

నందిగామ,
జనవరి 18

రోజాకి,

అమ్మకి కోపం రాలేదు. కోపం రావడానికి ఆమెకి ఏదీ తెలియదు, నేను చెప్పలేదు.

నీ డిసెంబరు ఉత్తరం బీరువాలో చీరల కింద పెట్టాను. చదివితే నిన్ను అక్కడికక్కడే క్షమించి సంచీ సర్దుకుంటుందని భయం వేసింది. నా నోటితో చదివించుకుని మంచిదానివి అనిపించుకుంటున్నావని ఒళ్ళు మండింది కూడా. ఉద్యోగం పోగొట్టుకుని మరీ నిజం చెప్పిందంటే ఇక ఆమె దృష్టిలో నన్ను ఎక్కడ పెడుతుంది? స్టాపు ఉత్తరం ఏడో తారీకున వచ్చింది. దాన్నీ అక్కడే పెట్టాను. ప్రతిరోజూ మధ్యాహ్నం ఆమె అడిగేది, "రోజా ఏమన్నా రాసిందా?" రాయలేదమ్మా అనేదాన్ని. "పనిలో ఉంటది పాపం" అనేది. నెల రోజులు అలా అన్నాను. నువ్వు తొమ్మిది అని ఎలా రాశావో నాకు ఇప్పుడు బాగా తెలుసు. అంత కష్టమైన పనేం కాదు.

నిన్న మాత్రం నావల్ల కాలేదు. మధ్యాహ్నం అన్నం తిని ఊరికే కూర్చుని, "నామీద దానికి కోపమొచ్చిందేమోనే, చెప్పకుండా వచ్చేశా" అని కళ్ళు తుడుచుకుంది. లేచి వెళ్ళి మూడు ఉత్తరాలూ తెచ్చి, దగ్గరగా కూర్చుని గట్టిగా చదివాను. నవంబరుది కూడా, ఒక్క ముక్క వదలకుండా. నేను దాచిన సంగతి కూడా చెప్పాను. అంతా విని ఆమె అడిగిన మొదటి మాట, "అయితే జయమణి అత్తగారు బస్సెక్కిందంటనా?" ఎక్కిందన్నాను. "మూడేళ్ళు" అంది. అప్పుడు మనిద్దర్నీ కలిపి తిట్టింది. ఏమని తిట్టిందో రాయను, అందులో సగం నావి. ఆ తర్వాత సంచీ ఎక్కడ పెట్టావే అంది.

గురువారం పదింటి బస్సు ఎక్కిస్తాను. నీ బోర్డు దగ్గర దింపుకో. ఆ పై గురువారం పొద్దున మళ్ళీ ఎక్కించి పంపు, సాయంత్రానికి తిరిగి పంపిస్తాను. ఆదివారాలు నువ్వు కూడా రా. నేను వాకర్‌తోనే ఎదురు వస్తాను, చూస్తే చూడు. కంటి చుక్కలు రోజూ వేశాను, సాయంత్రంవి కూడా.

ఒక సంగతి నీ ఒక్కదానికే చెబుతున్నాను. ఈ పొద్దున అమ్మ చర్చికి వెళ్ళినప్పుడు వాకర్ వదిలేసి, ఊతకర్ర పట్టుకుని గేటు దాటాను. మా సందు చివర స్టాపు దాకా ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. పన్నెండు నిమిషాలు పట్టింది. బల్ల మీద కాసేపు కూర్చుని తిరిగి వచ్చాను, ఎక్కడా పడలేదు. ఆమె తిరిగి వచ్చేసరికి వాకర్ పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం మళ్ళీ నా నడుము పట్టుకుని పద్నాలుగు అడుగులు నడిపించింది, "కొంచెం తేలిగ్గా పడుతున్నాయే అడుగులు" అంది. అవునా అమ్మా అన్నాను. నేను నడుస్తున్నానని తెలిస్తే ఆమెకి ఇక గురువారాలు ఎందుకు?

నువ్వు చెప్పకు.

గీత